విండో పీరియడ్: ఏ టెస్ట్ ఎన్నో రోజున చేయిస్తే ఫలితం ఖాయం?

ఎదురుచూపు:
అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఒకసారి కండోమ్ లేకుండా కలవడం జరిగింది. అవతలి వ్యక్తికి హెచ్‌ఐవి ఉందో లేదో నాకు తెలియదు. 28వ రోజున ల్యాబ్‌లో రక్తం ఇచ్చాను. రిపోర్ట్‌లో "నాన్ రియాక్టివ్" అని వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే కౌంటర్‌లో ఆయన "మీరింకా విండో పీరియడ్‌లోనే, అంటే వైరస్ సోకినా టెస్టుకి దొరకని కాలంలోనే ఉన్నారు, 3 నెలలకి మళ్లీ రండి" అన్నారు. నెట్‌లో వెతికితే ఒకచోట 45 రోజులు, ఒకచోట 3 నెలలు, ఇంకోచోట 6 నెలలు. ఎవరి మాట నమ్మాలి? పైగా 3వ వారంలో జ్వరం, గొంతు నొప్పి వచ్చి తగ్గాయి. అప్పటినుంచి కంటి మీద కునుకు లేదు. ఈ 28 రోజుల నెగెటివ్‌కి అసలు విలువ ఉందా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నిదానం:
6 నెలలు ఆగి చేయించుకోండి బ్రదర్. మా రోజుల్లో డాక్టర్లందరూ అదే చెప్పేవారు. అంతకుముందు వచ్చిన నెగెటివ్‌ని లెక్కలోకి తీసుకునేవారు కాదు.

సూక్ష్మదర్శిని:
నిదానం గారూ, ఆ 6 నెలల మాట పాత తరం టెస్టులది. 1985లో మొదటి ఎలైజా టెస్ట్ వచ్చినప్పుడు అది వైరస్‌ని ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసే యాంటీబాడీలను మాత్రమే పట్టేది, అవీ బాగా పెరిగాకే. అందుకని జాగ్రత్త కోసం గడువు అంత ఎక్కువగా పెట్టారు. టెస్టులు మారాయి కానీ ఆ మాట మాత్రం జనం నోళ్లలో అలాగే నిలిచిపోయింది.

ఎదురుచూపు గారూ, ఎన్ని రోజులైందన్నది సగం ప్రశ్నే. మీరు చేయించుకున్నది ఏ టెస్ట్ అన్నది మిగతా సగం. అన్నిటినీ "హెచ్‌ఐవి టెస్ట్" అనే అంటాం గానీ ఒక్కో టెస్ట్ రక్తంలో వెతికేది వేరు.

వైరస్ ఒంట్లో చేరాక మొదటి 10 రోజులు దాదాపు ఏ టెస్టుకీ దొరకదు. అది లింఫ్ గ్రంథుల్లాంటి చోట్ల పెరుగుతూ ఉంటుంది, రక్తంలో కొలవగలిగేంత ఉండదు. తర్వాత రక్తంలో ముందుగా కనిపించేది వైరస్ జన్యుపదార్థం, అంటే ఆర్ఎన్ఏ. ఇంకో వారం అటూ ఇటూగా పి24 అనే ప్రొటీన్ కనిపిస్తుంది. అది వైరస్ లోపలి గూడులోని ప్రొటీన్, రిపోర్టుల్లో యాంటిజెన్ అని రాసేది దాన్నే. మన శరీరం తయారుచేసే యాంటీబాడీలు అన్నిటికన్నా చివర, ఎక్కువమందిలో 3వ వారం తర్వాత టెస్టుకి అందే స్థాయికి వస్తాయి.

కాబట్టి ఆర్ఎన్ఏని వెతికే న్యాట్ లేదా పీసీఆర్ టెస్ట్ 10 నుంచి 33 రోజుల మధ్య పట్టగలదు. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే 4వ తరం టెస్ట్, అంటే యాంటిజెన్‌ని, యాంటీబాడీని కలిపి చూసేది, 18 నుంచి 45 రోజుల మధ్య పడుతుంది. అదే యాంటిజెన్/యాంటీబాడీ టెస్టుని వేలి చివర గుచ్చి తీసిన రక్తంతో ర్యాపిడ్ కిట్ మీద చేస్తే 18 నుంచి 90 రోజులు. యాంటీబాడీని మాత్రమే చూసే ర్యాపిడ్ కిట్లు, ఇంట్లో చేసుకునే సెల్ఫ్ టెస్టులకైతే 23 నుంచి 90 రోజులు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్క ఇది.

మీకు కనపడిన 45 రోజులు, 3 నెలలు రెండూ నిజమే. అవి వేర్వేరు టెస్టులకి సంబంధించినవి. మీ రిపోర్ట్‌లో టెస్ట్ పేరు కింద "మెథడ్" అని ఉంటుంది. అక్కడ ఏం రాసి ఉందో చూసి చెప్పండి.

ఎదురుచూపు:
చాలా థాంక్సండీ. రిపోర్ట్‌లో ఇలా ఉంది: "హెచ్‌ఐవి 1 అండ్ 2, యాంటిజెన్/యాంటీబాడీ కాంబో. మెథడ్: సీఎంఐఏ. రిజల్ట్: 0.14. నాన్ రియాక్టివ్: 1.00 కన్నా తక్కువ." ఇంకో డౌట్. 18 నుంచి 45 అంటే ఏంటి? 18 దాటితే చాలా, 45 దాకా ఆగాలా?

సూక్ష్మదర్శిని:
మంచి ప్రశ్న. చాలామంది గందరగోళపడేది ఇక్కడే.

ఇన్ఫెక్షన్ సోకిన అందరిలోనూ పి24, యాంటీబాడీలు ఒకే రోజున కనిపించవు. నిజంగా సోకిన 100 మందిని తీసుకుంటే, ల్యాబ్‌లో చేసే 4వ తరం టెస్ట్ 18వ రోజుకి వాళ్లలో సుమారు సగం మందిని పడుతుంది. 45వ రోజుకి 99 మందిని పడుతుంది. అంటే మొదటి అంకె దగ్గర నెగెటివ్ వస్తే ఏమీ తేలనట్టే. రెండో అంకె దాటాక నెగెటివ్ వస్తే తేలిపోయినట్టే. మధ్యలో రోజు గడిచేకొద్దీ నెగెటివ్‌కి బలం పెరుగుతుంది.

మీది సరిగ్గా ఆ 4వ తరం ల్యాబ్ టెస్టే, సీఎంఐఏ అంటే మెషీన్ మీద వెలుగుని కొలిచి చూసే పద్ధతి. 28వ రోజు నెగెటివ్ అంటే మామూలు ధైర్యం కాదు, చాలా మంచి సూచన. సోకిన వాళ్లలో అత్యధికులు ఆపాటికే ఈ టెస్టుకి దొరికిపోతారు. అయినా దాన్ని తుది ఫలితం అనకూడదు. 45 రోజులు నిండాక అదే టెస్ట్ ఒక్కసారి చేయించండి. బ్రిటన్ మార్గదర్శకాల్లోనూ ల్యాబ్ 4వ తరం టెస్టుకి 45 రోజులే గడువు. ఏ కిట్ వాడినా ఎవరూ తప్పిపోకూడదని 3 నెలల లెక్కనే అందరికీ చెప్పే చోట్లు ఉన్నాయి. మీ కౌంటర్ ఆయన చెప్పింది అదే. మీ డాక్టర్ 3 నెలలకి ఇంకోటి అడిగితే చేయించండి, కానీ మధ్యలో మీరు నరకం అనుభవించాల్సిన పని లేదు.

రోజులు లెక్కపెట్టేటప్పుడు చివరిసారి రిస్క్ జరిగిన రోజు నుంచి మొదలుపెట్టాలి. మధ్యలో మళ్లీ కండోమ్ లేకుండా కలిస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

నిదానం:
యాంటిజెన్ అంత తొందరగా కనిపించేట్టయితే దాన్నొక్కదాన్నే చూస్తే సరిపోతుంది కదా? యాంటీబాడీ కూడా ఎందుకు కలపడం?

సూక్ష్మదర్శిని:
పి24 ఎక్కువ కాలం బయటికి కనిపించదండీ. యాంటీబాడీలు తయారయ్యాక అవి వెళ్లి పి24కి అతుక్కుంటాయి, టెస్టుకి అందే పి24 తగ్గిపోతుంది. ఒక్క యాంటిజెన్‌నే చూస్తే కొన్ని వారాల కిందట సోకిన మనిషికి నెగెటివ్ వచ్చే ప్రమాదం ఉంది. ఒకటి తగ్గే వేళకి రెండోది పెరుగుతుంది, అందుకే 4వ తరం టెస్టులో రెండిటినీ కలిపి చూస్తారు. ఇంకో సంగతి, హెచ్‌ఐవిలో 1, 2 అని రెండు రకాలున్నాయి, పి24 భాగం హెచ్‌ఐవి-1కి సంబంధించినది. హెచ్‌ఐవి-2ని ఈ టెస్ట్ యాంటీబాడీల ద్వారానే పడుతుంది. మామూలుగా చేసే ఆర్ఎన్ఏ టెస్టులు ఎక్కువగా హెచ్‌ఐవి-1ని మాత్రమే చూస్తాయి. పీసీఆర్ నెగెటివ్ వచ్చినా చివరికి యాంటీబాడీ ఉన్న టెస్టుతో ముగించమని చెప్పడానికి ఇదొక కారణం.

చేయూత:
నేను కౌన్సెలర్‌ని. ఎదురుచూపు తమ్ముడూ, నీ జ్వరం సంగతి ఎవరూ ఎత్తలేదు, నేను చెప్తాను.

హెచ్‌ఐవి సోకిన కొందరిలో 2 నుంచి 4 వారాల మధ్య జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు, మెడ దగ్గర గ్రంథుల వాపు రావచ్చు. కొందరిలో ఏమీ రావు. ఇవే లక్షణాలు మామూలు వైరల్ జ్వరాల్లోనూ వస్తాయి. అందుకే లక్షణాలు చూసి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

ఒక్కటి ఆలోచించు. ఆ జ్వరం నిజంగా హెచ్‌ఐవి వల్లే వచ్చి ఉంటే, ఆ సమయానికి రక్తంలో వైరస్ ఉధృతంగా ఉండాలి. అంత వైరస్ ఉన్నప్పుడు పి24 కూడా ఎక్కువగా ఉంటుంది. జ్వరం తగ్గాక వారానికి చేయించిన 4వ తరం టెస్టులో నీకు 0.14 వచ్చింది. నీ జ్వరానికి కారణం వేరే ఏదో అయ్యుండే అవకాశమే చాలా ఎక్కువ. ఫోన్‌లో లక్షణాలు వెతకడం ఇవాళ్టితో ఆపెయ్. రోజూ గొంతు నొక్కి చూసుకుంటే గ్రంథులు నిజంగానే నొప్పి పుడతాయి, నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎంతమందినో చూశాను.

45 రోజులు నిండేదాకా కలిస్తే కండోమ్ వాడు. విండో పీరియడ్ అంటే టెస్టుకి దొరకని కాలం, అంటుకోని కాలం కాదు. నిజంగా సోకి ఉంటే తొలివారాల్లోనే వైరస్ అత్యధికంగా ఉంటుంది, ఎదుటివాళ్లకి అంటుకునే అవకాశమూ అప్పుడే ఎక్కువ. ఇంకో మాట, టెస్ట్ ఉచితంగా అయిపోతుంది కదా అని రక్తదానానికి వెళ్లొద్దు. దానం చేసిన రక్తాన్ని ఎంత పరీక్షించినా మొదటి రోజుల్లో వైరస్ చిక్కని కాలం కొంత ఉంటుంది, ఆ రక్తం ఇంకెవరికో ఎక్కుతుంది.

పగటివెలుగు:
అందరూ వారాల గురించి మాట్లాడుతున్నారు. నాది నిన్న రాత్రి జరిగింది. కండోమ్ చిరిగిపోయింది. ఆయనకి హెచ్‌ఐవి ఉందని ఇవాళ పొద్దున చెప్పాడు, మందులు సరిగ్గా వాడట్లేదట. నేను 45 రోజులు ఆగి టెస్ట్ చేయించుకోవాలా?

చేయూత:
అమ్మా, మీరు ఆగకూడదు. ఇది చదవగానే బయల్దేరండి. పెప్ అని మందులుంటాయి, వైరస్ ఒంట్లో స్థిరపడకుండా ఆపడానికి. 72 గంటల లోపు మొదలుపెట్టాలి. గంటలు గడిచేకొద్దీ ఫలితం తగ్గుతుంది, వీలైతే మొదటి 24 గంటల్లోనే మొదటి మోతాదు పడాలి. 28 రోజులు మానకుండా వాడాలి. పెద్ద ఆసుపత్రి ఎమర్జెన్సీకి గానీ హెచ్‌ఐవి చికిత్స ఇచ్చే కేంద్రానికి గానీ వెళ్లి "నిన్న రాత్రి ఎక్స్‌పోజర్ జరిగింది, పెప్ కావాలి" అని సూటిగా అడగండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఎవరైనా రేపు రమ్మంటే ఒప్పుకోకండి, ఇంకో చోటికి వెళ్లండి. ముందు ఒక టెస్ట్ చేస్తారు, అది పాత ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటానికి. దాని ఫలితం కోసం మందు ఆపక్కర్లేదు. గర్భం వచ్చే అవకాశం ఉంటే అదీ చెప్పండి, దానికీ గంటల లెక్కే.

తెల్లకోటు:
పగటివెలుగు గారూ, నేను నర్సుని. పేషెంట్‌కి వాడిన సూది గుచ్చుకుని నేనూ పెప్ వాడాను. మొదటి వారం కాస్త వికారం, నీరసం ఉన్నాయి, తర్వాత సర్దుకున్నాయి. వాంతులొస్తే మందు మానెయ్యకండి, డాక్టర్‌కి చెప్పండి, మారుస్తారు. రోజూ ఒకే టైమ్‌కి ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

మీలాగే భయపడేవాళ్ల కోసం ఒక మాట. హెచ్‌ఐవి ఉన్న రక్తంతో సూది గుచ్చుకున్నా, మందులేవీ వాడకపోయినా సోకే అవకాశం 1000లో 3 కన్నా ఎక్కువ కాదని మాకు ట్రైనింగ్‌లో చెప్పారు. ఆ అంకె విన్నాకే నా చేతుల వణుకు తగ్గింది. అయినా పెప్ ఒక్క రోజు కూడా మానలేదు.

పగటివెలుగు:
వెళ్లొచ్చాను. మొదటి మాత్ర డాక్టర్ ముందే వేసుకున్నాను. మీ ఇద్దరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఇప్పుడు నా 45 రోజులు నిన్నటి నుంచా?

సూక్ష్మదర్శిని:
పెప్ వాడినవాళ్లకి లెక్క మారుతుంది. ఒకవేళ కొద్దిగా వైరస్ మిగిలినా, మందులు దాన్ని అణచిపెట్టడం వల్ల యాంటీబాడీలు ఆలస్యంగా రావచ్చు. అందుకని మందులు ఆపిన రోజు నుంచి లెక్కపెట్టడం మంచిది. 28 రోజుల కోర్సు అయ్యాక 45 రోజులు, అంటే ఘటన జరిగిన రోజు నుంచి చూస్తే 73 రోజులు. బ్రిటన్ పద్ధతి ఇది. వేరే చోట్ల 12 వారాల దగ్గర చివరి టెస్ట్ చేస్తారు, దానికి ముందు 4 నుంచి 6 వారాల మధ్య ఒకటి. మీ డాక్టర్ ఇచ్చిన తేదీలనే పాటించండి, ఏ తేదీనీ దాటవేయొద్దు. హెచ్‌ఐవి రాకుండా ముందుగానే వాడే ప్రెప్ మందులు తీసుకునేవాళ్లకీ ఇదే చిక్కు ఉంటుంది, ముఖ్యంగా ఎక్కువ కాలం పనిచేసే ఇంజెక్షన్లతో. టెస్ట్ చేసేవాళ్లకి ఆ మందుల సంగతి తప్పక చెప్పాలి.

తెల్లకోటు గారి విషయంలో ఇంకోటి: అదే సూది నుంచి హెపటైటిస్ సి కూడా సోకితే హెచ్‌ఐవి యాంటీబాడీలు రావడం అరుదుగా బాగా ఆలస్యం కావచ్చు. అలాంటివాళ్లని ఏడాది దాకా గమనించమంటారు. ఇది ఆ ప్రత్యేక పరిస్థితికే. మిగతావాళ్లెవరూ దీన్ని చదివి ఏడాది లెక్క మొదలుపెట్టకండి.

సగంచంద్రుడు:
ఎదురుచూపు గారి విలువ 0.14. నాకు 6వ వారంలో 0.11, 3 నెలలకి 0.19, 5 నెలలకి 0.32 వచ్చింది. అన్నీ ఒకే ల్యాబ్‌లో. పెరుగుతూ పోతోంది కదా! అందరూ నెగెటివ్ అంటున్నారు గానీ నాకేదో లోపల మొదలైందనిపిస్తోంది. నా ఇమ్యూనిటీ నెమ్మదిగా స్పందిస్తోందా? వచ్చే నెల మళ్లీ చేయిద్దామనుకుంటున్నా.

సూక్ష్మదర్శిని:
ఆ అంకె మీ ఒంట్లో ఉన్న వైరస్ పరిమాణం కాదు. సీఎంఐఏ మెషీన్ ప్రతి నమూనా నుంచి వచ్చే వెలుగుని కొలుస్తుంది. వైరస్ జాడ బొత్తిగా లేని రక్తానికి కూడా కొంత వెలుగు వస్తుంది. దాన్ని కటాఫ్ విలువతో, అంటే రియాక్టివ్ అనడానికి పెట్టిన హద్దుతో భాగిస్తే వచ్చేదే మీ 0.32. రీజెంట్ (టెస్టులో వాడే రసాయనం) బ్యాచ్ మారినా, మెషీన్‌ని కొత్తగా కాలిబ్రేట్ చేసినా, ఒకే రక్తాన్ని రెండుసార్లు పెట్టినా 0.11 కాస్తా 0.3 కావచ్చు. 1.00 లోపు ఏ అంకెకైనా అర్థం ఒక్కటే: నాన్ రియాక్టివ్. ఆ లోపు పెరిగిందా తగ్గిందా అని ఏ డాక్టరూ చూడడు. నన్నడిగితే నెగెటివ్ రిపోర్టుల్లో ఆ అంకె ముద్రించకపోతేనే మేలు. అది చూసి నిద్ర పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

మీకు 3 నెలలకే తేలిపోయింది. 45 రోజులు దాటాక మీకు వచ్చిన మొదటి రిపోర్ట్ అదే. 5 నెలల టెస్ట్ కొత్తగా చెప్పిందేమీ లేదు. జలుబు, యాంటీబయాటిక్స్, ముందు రోజు తాగిన మద్యం, తిని వెళ్లడం, ఇవేవీ ఆ ఫలితాన్ని తారుమారు చేయవు.

చేయూత:
సగంచంద్రుడు గారూ, కోపగించుకోకండి. మీకిప్పుడు కావాల్సింది ఇంకో రక్తపరీక్ష కాదు. ప్రతి టెస్ట్ తర్వాత కొన్నాళ్లు హాయిగా ఉండి, మళ్లీ అనుమానం మొదలై, మళ్లీ ల్యాబ్‌కి పరుగెత్తడం జరుగుతోందా? అది భయం వల్ల వచ్చే జబ్బు, దానికి మంచి చికిత్స ఉంది. మానసిక వైద్యుణ్ని కలవండి. ఈ రిపోర్టులన్నీ తీసుకెళ్లి చూపించండి, అర్థం చేసుకుంటారు.

సగంచంద్రుడు:
అవును, అలాగే జరుగుతోంది. ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. మీకు మెసేజ్ పెట్టొచ్చా?

చేయూత:
తప్పకుండా. ఎప్పుడైనా పెట్టండి.

కొత్తగొంతు:
నాదొక అర్జెంట్ డౌట్. ఇంట్లో సెల్ఫ్ టెస్ట్ చేసుకున్నా. సి (కిట్ పనిచేస్తోందని చూపే చోటు) దగ్గర గట్టి గీత పడింది. టి (ఫలితం చూపే చోటు) దగ్గర ఏదో లేతగా, దీపం దగ్గర పెట్టి చూస్తే కనిపించేంత గీత ఉంది. రిస్క్ జరిగి 4 నెలలు దాటింది. నా పని అయిపోయినట్టేనా?

సూక్ష్మదర్శిని:
ఎంతసేపటికి చూశారు? కిట్ కాగితంలో చదవాల్సిన సమయం రాసి ఉంటుంది. అది దాటిపోయాక, పట్టీ ఎండాక వచ్చే నీడలాంటి గీతని లెక్కలోకి తీసుకోకూడదు.

కొత్తగొంతు:
టైమ్ పెట్టుకునే చూశా. సమయంలోపే ఉంది.

సూక్ష్మదర్శిని:
అయితే లేత గీతైనా దాన్ని రియాక్టివ్‌గానే తీసుకోవాలి. అంతమాత్రాన పాజిటివ్ అని ఖాయం కాదు. ఒక్క ర్యాపిడ్ కిట్‌తో ఎవరికీ హెచ్‌ఐవి ఉందని నిర్ధారించరు, తప్పుడు రియాక్టివ్‌లు వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నుంచి పాజిటివ్ అని చెప్పడానికి వరుసగా మూడు రియాక్టివ్ ఫలితాలు ఉండాలంటోంది. ఇంకో కిట్ కొని ఇంట్లోనే మళ్లీ చేసుకోవద్దు. నరం నుంచి రక్తం ఇచ్చి ల్యాబ్ టెస్ట్ చేయించండి, "సెల్ఫ్ టెస్ట్ రియాక్టివ్ వచ్చింది, కన్ఫర్మేషన్ కావాలి" అని చెప్పండి.

చేయూత:
ఈ రాత్రి ఒంటరిగా ఉండకండి, నమ్మకమైన మనిషి ఎవరైనా ఉంటే పిలవండి. ల్యాబ్‌లో లేదని తేలితే అక్కడితో సరి. ఉందని తేలినా మీ పని అయిపోదు. వెంటనే మందులు మొదలుపెడతారు. క్రమం తప్పకుండా వాడితే వైరస్ రక్తంలో కొలవలేనంత తగ్గిపోతుంది, అలా తగ్గి ఉన్నంతకాలం లైంగికంగా ఎవరికీ అంటదు. ఇది పెద్ద అధ్యయనాల్లో రుజువైన విషయం, ఊరడింపు కోసం చెప్పట్లేదు. మందులు వాడుతూ పెళ్లిళ్లు చేసుకుని, వైరస్ లేని పిల్లల్ని కన్నవాళ్లు నా దగ్గరికి వస్తూనే ఉంటారు.

కొత్తగొంతు:
అన్నయ్యకి ఫోన్ చేశా, వస్తున్నాడు. రేపు పొద్దున్నే ఇద్దరం వెళ్తాం. కిట్ కూడా తీసుకెళ్లాలా?

సూక్ష్మదర్శిని:
కిట్ అక్కర్లేదు, కిట్ పేరు, చేసుకున్న తేదీ, రిస్క్ జరిగిన తేదీ కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పెప్ గానీ ప్రెప్ గానీ ఎప్పుడైనా వాడి ఉంటే అదీ రాయండి. రిపోర్ట్ వచ్చాక టెస్ట్ పేరు, మెథడ్ ఏముందో ఇక్కడ పెట్టండి, చూస్తాను.